గరికా, టర్ఫా? గ్రౌండ్ మార్చాలనుకునే చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌కు

కిందటి వేసవిలో మా క్లబ్ కమిటీ ముందుకు ఒక కొటేషన్ వచ్చింది. దాంతోపాటు వచ్చిన రంగుల పుస్తకం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "365 రోజులూ, 24 గంటలూ ఆడుకోవచ్చు" అని ఉంది. నీళ్లు అక్కర్లేదు, కోత అక్కర్లేదు, మాలి అక్కర్లేదు. ఉన్న గడ్డి తీసేసి కృత్రిమ గడ్డి పరిస్తే చాలు. కమిటీలో సగం మంది ఆ రోజే సంతకం పెట్టేద్దామన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. మాది హైదరాబాద్ శివారు. బోరు ఏప్రిల్‌కే ఎండిపోతుంది. నూట ఇరవై మంది పిల్లలు, ఒకటే గ్రౌండ్. గోల్ పోస్టుల ముందు గడ్డి పోయి ఎర్రమట్టి తేలింది. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. అలాంటి చోట ఆ పుస్తకం చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.

నాకు ఒక నెల టైమివ్వండని అడిగాను. ఆ నెలలో చదివింది, వెళ్లి చూసింది, లెక్క కట్టింది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కొటేషన్ చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్న క్లబ్బులు, స్కూళ్లు, కాలనీ సంఘాలు తెలంగాణలో, ఆంధ్రలో చాలానే ఉన్నాయని నాకు తెలుసు.

మాటల దగ్గరే కొంత గందరగోళం ఉంది. క్రికెట్ వాళ్లు "టర్ఫ్ వికెట్" అన్నప్పుడు వాళ్ల ఉద్దేశం మట్టి పిచ్. ఇప్పుడు గల్లీ గల్లీకి వెలసిన, చుట్టూ వల కట్టి గంటల లెక్కన అద్దెకిచ్చే గ్రౌండ్లనూ టర్ఫ్ అనే అంటున్నాం. నేనిక్కడ టర్ఫ్ అంటే కృత్రిమ గడ్డి అనే అర్థం.

టర్ఫ్ ఏ కష్టం తీర్చడానికి పుట్టింది

నార్వేలో బోడో అనే ఊరుంది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున. అక్కడి బోడో గ్లిమ్ట్ క్లబ్ ఆడేది అస్ప్‌మిరా స్టేడియంలో, కృత్రిమ గడ్డి మీద. 2025 ఏప్రిల్‌లో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో ఇటలీ జట్టు లాజియోను అక్కడే 2-0తో ఓడించింది. ఆ తర్వాత సెమీస్ దాకా వెళ్లి టాటెన్‌హామ్ చేతిలో ఆగిపోయింది. నెలల తరబడి మంచు, ఎండ మొహం చూడని చలికాలం ఉన్న ఆ ఊళ్లో సహజమైన గడ్డి మీద ఏడాది పొడవునా ప్రాక్టీసు చేయడం కుదరని పని. టర్ఫ్ లేకపోతే అక్కడ ఆటే లేదు.

మన దేశంలో దీనికి జోడీ మిజోరం రాజధాని ఐజాల్. కొండల మీద ఉన్న ఊరు, చదునైన నేల దొరకడమే గగనం, ఏటా 2,000 మిల్లీమీటర్ల పైన వాన. ఉన్న ఒకటి రెండు గ్రౌండ్ల మీదే ఊరి పిల్లలందరూ ఆడాలి. 2016-17 ఐ-లీగ్ గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరిచిన ఐజాల్ ఎఫ్‌సీ సొంత గ్రౌండ్ ముఅల్పుయిలోని రాజీవ్ గాంధీ స్టేడియం, కృత్రిమ గడ్డిదే. ఆ వానకు, ఆ రద్దీకి మామూలు గడ్డి తట్టుకోదు. అక్కడా టర్ఫ్ సరైన నిర్ణయమే.

చలి, వాన, చదునైన నేల కొరత. గడ్డి మైదానాలకు టర్ఫ్ తీర్చే కష్టాలు ఇవి. మన కష్టాలు వేరు. మనకు ఎండ, దుమ్ము, నీటి కొరత. ఈ మూడింటిలో టర్ఫ్ మూడోదాన్ని చాలావరకు తీరుస్తుంది, మొదటిదాన్ని ఇంకాస్త పెంచుతుంది, రెండోది టర్ఫ్‌నే పాడుచేస్తుంది. నెల రోజుల తర్వాత నాకు తేలింది ఇది.

ఎండ లెక్క

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో తమ గ్రౌండ్ల మీద ఉష్ణోగ్రతలు కొలిచారు. పగటిపూట గాలి సగటున 27 డిగ్రీల దగ్గర ఉంటే, సహజమైన గడ్డి ఉపరితలం 26 దగ్గరే ఉంది. కృత్రిమ గడ్డి 47 చూపించింది. గడ్డిలో నీరు ఉంటుంది, అది ఆవిరవుతూ నేలను చల్లబరుస్తుంది. ప్లాస్టిక్ పోచలకూ, వాటి మధ్య పోసిన నల్ల రబ్బరు గింజలకూ ఆ గుణం లేదు. పడిన ఎండంతా దాచుకుంటాయి.

2015 మహిళల ప్రపంచ కప్‌ను కెనడాలో పూర్తిగా కృత్రిమ గడ్డి మీద జరిపారు. వద్దని అబీ వాంబాక్, మార్తా వంటి క్రీడాకారిణులు అంతకుముందు ఏడాదే ఫిర్యాదు చేశారు కూడా. చలి దేశంగా పేరున్న ఆ కెనడాలోనే, ఎడ్మంటన్‌లో మొదటి మ్యాచ్ రోజు గ్రౌండ్ మీద 49 డిగ్రీలు నమోదైంది. మన మే నెలలో, గాలే 42 దాటిన మధ్యాహ్నం, టర్ఫ్ మీద అరిచెయ్యి పెట్టి చూడండి. నేను పెట్టాను, పది లెక్కపెట్టేలోపు తీసేశాను. మా పిల్లల్లో పాతిక మందికి పైగా బూట్లు లేకుండానే వస్తారు.

"నీళ్లు చల్లితే చల్లబడుతుంది కదా" అని కొటేషన్ ఇచ్చిన వాళ్లు చెప్పారు. దీనికీ ఆ యూటా వాళ్లే జవాబు కనిపెట్టి ఉంచారు. 79 డిగ్రీలున్న ఉపరితలం మీద నీళ్లు కొడితే 29కి దిగింది. 5 నిమిషాల్లో మళ్లీ 49. 20 నిమిషాల్లో 73. ఒక హాఫ్ కూడా పూర్తి కాదు. పైగా నీళ్లే అక్కర్లేదని కదా కొంటున్నాం.

కాబట్టి "24 గంటలూ" అన్న మాటను మన ఊరి ఎండతో గుణించి చూడాలి. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా టర్ఫ్ మీద ఆడగలిగేది పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం అయిదున్నర తర్వాత. ఫ్లడ్‌లైట్లు ఉంటే రాత్రి పదిన్నర దాకా, అంటే రోజుకు 8 గంటలు. లైట్లు లేకపోతే సాయంత్రం ఒక గంటతో సరి. మొత్తం 4 గంటలు. అందుకే నా మొదటి సలహా: ఫ్లడ్‌లైట్లకు డబ్బు లేని క్లబ్ పూర్తి సైజు టర్ఫ్ గురించి ఆలోచించవద్దు. మీరు కొంటున్నది గంటలు. ఆ గంటల్లో సగం చీకట్లోనే ఉన్నాయి.

బెర్ముడా అంటే మన గరికే

మంచి గడ్డి గ్రౌండ్ అనగానే మనకు టీవీలో కనిపించే ఇంగ్లండ్ మైదానాలు గుర్తొస్తాయి. ఆ గడ్డి చల్లటి దేశాల గడ్డి. దాన్ని చూసి "మన ఎండకు గడ్డి బతకదు" అనుకుంటాం. నర్సరీల్లో బెర్ముడా గ్రాస్ అని అమ్మేది మరేదో కాదు, వినాయక చవితికి కోసుకొచ్చే గరిక. పొలంలో పడితే ఎంత పీకినా గణుపు గణుపుకీ వేరు పోసుకుని మళ్లీ లేస్తుందని రైతులు తిట్టుకునే గరిక. ప్రపంచమంతా వేడి దేశాల స్టేడియంలలో పరిచేది దీని జాతే. 1960లో అమెరికాలోని జార్జియాలో విడుదల చేసిన టిఫ్‌వే 419 అనే రకం కూడా గరికకూ, దాని ఆఫ్రికా దాయాదికీ పుట్టిన సంకరమే. గరికకు ఎండ కావాలి, నీడ పనికిరాదు. బోడోలో గడ్డికి శత్రువైన వాతావరణం ఉంది, మన దగ్గర గడ్డికి పుట్టింటి వాతావరణం ఉంది. ఇంత తేడాను పక్కనపెట్టి రెండు చోట్లా ఒకే మందు వాడితే ఎలా?

బోరు ఎండిపోతే ఏం చేస్తామని మా మాలిని అడిగాను. "నీళ్లు బంద్ జేస్తే గరిక పండుకుంటది సార్, సావది. వాన పడంగనే లేస్తది" అన్నాడు. ఆయన చెప్పింది శాస్త్రంగా కూడా నిజం. నీరందకపోతే గరిక పైకి ఎండి, కింద వేళ్లలో ప్రాణం దాచుకుంటుంది. అయితే పడుకున్న గరిక మీద రోజూ ఆడితే మాత్రం అది లేవదు. మా గోల్ పోస్టుల ముందు జరిగింది అదే. గడ్డి చావడానికి ఎండ కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాం. అసలు కారణం, అది నిద్రపోయే మూడు నెలల్లోనే వేసవి క్యాంపు పేరుతో మేం దాని మీద రెట్టింపు ఆడించడం.

గడ్డి ఎంత ఆట మోస్తుంది అన్నదానికి ఇంగ్లండ్‌లో ఒక మోటు లెక్క ఉంది: బాగున్న గ్రౌండ్ మీద వారానికి 3 పెద్దల మ్యాచ్‌లు, ఓ మోస్తరుదైతే 2, పాడైనదైతే 1. మన గరిక వానాకాలంలో త్వరగా కోలుకుంటుంది, డిసెంబరు చలికి మందగిస్తుంది. నా అనుభవంలో వారానికి 10 నుంచి 12 గంటలు దాటితే నేల బయటపడటం మొదలవుతుంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ధ్రువీకరణలో క్లబ్బులకు, పిల్లలకు ఉద్దేశించిన "క్వాలిటీ" స్థాయి టర్ఫ్ వారానికి 40 నుంచి 60 గంటలు మోసేలా తయారవుతుంది. గంటల్లో టర్ఫ్ నాలుగైదు రెట్లు ముందుంది. దాన్ని ఒప్పుకోకుండా గడ్డి వైపు వాదించడం నిజాయితీ కాదు.

కానీ మీకు నిజంగా ఎన్ని గంటలు కావాలి? మాకు నాలుగు బ్యాచ్‌ల పిల్లలు, వారానికి మూడు రోజులు, గంటన్నర చొప్పున: 18 గంటలు. పెద్దల జట్టుకు 6. శని ఆదివారాల్లో రెండు మ్యాచ్‌లకు 4. మొత్తం 28. గడ్డి మోసేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఇక్కడితో ఆపేస్తే టర్ఫ్‌కే ఓటు. తర్వాత కాగితం మీద గ్రౌండ్ గీసుకుని చూశాం. పదేళ్ల పిల్లలకు పూర్తి గ్రౌండ్ ఎందుకు? రెండు బ్యాచ్‌లు చెరో సగంలో ఆడితే 18 కాస్తా 9 అయింది. మొత్తం 19. గడ్డికి 12 పోతే మిగిలింది 7 గంటలు. ఆ 7 గంటల కోసం 7,140 చదరపు మీటర్ల ప్లాస్టిక్ పరవాలా అన్నదే మా ముందు మిగిలిన ప్రశ్న.

నీళ్లు

గడ్డికి ఉన్న అసలు బలహీనత ఇదే, దాన్ని తక్కువ చేసి చెప్పను. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్‌కు వారానికి 25 మిల్లీమీటర్ల నీరు పెట్టాలంటే 1,78,500 లీటర్లు కావాలి. 10 వేల లీటర్ల ట్యాంకర్లు వారానికి పద్దెనిమిది. మే నెలలో ట్యాంకర్ కొని గ్రౌండ్‌కు పోయడం డబ్బు పరంగానూ కుదరదు, పక్క బస్తీలో బిందెలతో నిలబడ్డ వాళ్ల ముందు మనసుకూ ఒప్పదు.

దీనికి దారి శుద్ధి చేసిన మురుగునీరు. నగరంలో పెద్ద అపార్ట్‌మెంట్లకు, గేటెడ్ కమ్యూనిటీలకు సొంత శుద్ధి ప్లాంట్లు ఉంటాయి. మా గ్రౌండ్‌కు అరకిలోమీటరులో ఒకటి ఉంది. మొక్కలకు వాడగా మిగిలినది కాలువలోకే వదిలేస్తున్నారు. పైపు ఖర్చు మేం పెట్టుకుంటామంటే ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ నీళ్లలో కాస్త ఉప్పు ఎక్కువున్నా గరిక తట్టుకుంటుంది. మీ ఊళ్లో అలాంటి నీరు దొరకదు, కాలువ లేదు, చెరువు లేదు, బోరు నాలుగు నెలలు పనిచేయదు అంటే మాత్రం వేసవి మూడు నెలలు గ్రౌండ్‌కు సెలవివ్వగలరా అని చూసుకోండి. అదీ కుదరకపోతే టర్ఫ్ వైపు మొగ్గడంలో న్యాయం ఉంది.

డబ్బు గురించి అడగాల్సిన ప్రశ్న

టర్ఫ్ ధర ఎంత అని అందరూ అడుగుతారు. రెండోసారి ఎంత అని ఎవరూ అడగరు. కార్పెట్, అంటే పైన పరిచే కృత్రిమ గడ్డి చాప ఆయుష్షు 8 నుంచి 10 ఏళ్లు. మన ఎండకు తక్కువ వైపే లెక్కేసుకోవడం మంచిది. కింద కంకర, డ్రైనేజీ పునాది సరిగ్గా కడితే దానికి రెండింతలు నిలుస్తుంది. అందుకే కొటేషన్‌లో పునాది ధర, కార్పెట్ ధర విడివిడిగా రాయించండి. కార్పెట్ ధరను 8తో భాగించండి. ఆ మొత్తాన్ని ఏటా బ్యాంకులో పక్కన పెట్టగలరా? ఇంగ్లండ్‌లో పూర్తి సైజు టర్ఫ్ ఉన్న క్లబ్బులను ఇందుకోసం ఏటా 25 వేల పౌండ్లు దాచమని చెబుతారు. దాచని క్లబ్‌కు తొమ్మిదో ఏట మిగిలేది పోచలు రాలిన, గట్టిపడిన, కాలు మడతపడే ఒక చాప. పాడైన గడ్డిని ఒక వానాకాలంలో బాగుచేసుకోవచ్చు. పాడైన టర్ఫ్‌ను బాగుచేయడం ఉండదు, మళ్లీ కొనాల్సిందే.

"నిర్వహణ అక్కర్లేదు" అన్నది పుస్తకంలో ఉన్న రెండో పెద్ద అబద్ధం. వారం వారం బ్రష్‌తో లాగాలి, లేకపోతే పోచలు ఒక పక్కకు పడుకుంటాయి. పెనాల్టీ స్పాట్ దగ్గర, కార్నర్ల దగ్గర రబ్బరు గింజలు చెదిరిపోతాయి, మళ్లీ పోయాలి. మన దుమ్ము గింజల మధ్యకు దిగి నీరు ఇంకే దారులు మూసేస్తుంది. వేపాకులు, గుట్కా ఉమ్ములు, చూయింగ్ గమ్ సరేసరి. అన్నిటికన్నా పెద్ద బెడద షామియానా. మన ఊళ్లలో గ్రౌండ్ అంటే పెళ్లిళ్లకు, సభలకు, బతుకమ్మకు అందరూ అడిగే జాగా. గడ్డి మీద గుంజ పాతితే పూడ్చుకోవచ్చు. టర్ఫ్‌లో గుంజ పాతితే కార్పెట్‌కూ, కింద పునాదికీ కలిపి చిల్లు పడుతుంది. స్థానిక నాయకులకు "లేదు" అని చెప్పగల అధికారం మీ క్లబ్‌కు ఉందా అని కూడా ఆలోచించుకోవాలి.

అద్దె ఆదాయం వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ నేను చూసినంతలో అద్దె వచ్చేది చిన్న గ్రౌండ్లకు. అయిదుగురు అయిదుగురు ఆడుకునే ఫుట్‌బాల్‌కు, అంతకన్నా ఎక్కువగా బాక్స్ క్రికెట్‌కు. రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి వచ్చే కుర్రాళ్లు పది మంది దొరుకుతారు, ఇరవై ఇద్దరు దొరకరు. పూర్తి సైజు టర్ఫ్ కట్టి దాన్ని మూడు ముక్కలుగా అద్దెకివ్వడం కన్నా, మొదటే 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చిన్నది కట్టడం నయం. 800 చదరపు మీటర్లు. పూర్తి గ్రౌండ్‌లో తొమ్మిదో వంతు.

లీగ్ వాళ్లు ఒప్పుకుంటారా

ఇది చివర్లో కాదు, సంతకానికి ముందే తేల్చుకోవాల్సిన సంగతి. లండన్ శివారులోని సటన్ యునైటెడ్ 2015లో కృత్రిమ గడ్డి వేసింది. 2017లో ఎఫ్‌ఏ కప్‌లో ఆర్సెనల్ వచ్చి దాని మీదే ఆడింది. 2021లో సటన్ తన చరిత్రలో మొదటిసారి నాలుగో డివిజన్‌కు ఎక్కింది. ఆ లీగ్ నిబంధన గడ్డి ఉండాల్సిందేనంటుంది, అంతా పీకేసి గడ్డి వేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది హారోగేట్ టౌన్‌దీ అదే కథ. గడ్డి పరిచే పని పూర్తయ్యేదాకా సొంతూరు వదిలి డాంకాస్టర్‌లో ఆడుకుంది. గెలిచినందుకు పడిన ఖర్చు అది.

పెద్ద లీగులు ఇంకా గట్టిగా వెనక్కి తిరుగుతున్నాయి. నెదర్లాండ్స్ మొదటి డివిజన్ 2025-26 నుంచి కృత్రిమ గడ్డిని ఆపేసింది. స్కాట్లండ్ మొదటి డివిజన్ క్లబ్బులు 2024లో ఓటేసి 2026-27 నుంచి వద్దన్నాయి. 2014 నుంచి టర్ఫ్ మీద ఆడిన కిల్మార్నాక్ మళ్లీ గడ్డి దారి పట్టింది. 2026 ప్రపంచ కప్ కోసం అమెరికాలో కృత్రిమ మైదానాలున్న స్టేడియంలలోనూ సహజమైన గడ్డి పరవాల్సిందేనని ఫిఫా షరతు. డబ్బున్న చోట హైబ్రిడ్ వేస్తున్నారు. అంటే దాదాపు 95 శాతం అసలు గడ్డే, దాని వేళ్లు చుట్టుకోవడానికి మధ్య మధ్య ప్లాస్టిక్ పోచలు లోతుగా కుట్టడం. చిన్న క్లబ్‌కు అది అందేది కాదు, దాని గురించి ఎక్కువ రాయను.

ఇవన్నీ మన జిల్లా లీగ్‌కు వర్తించవు. అయినా మీ సంఘం వాళ్లను రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

మోకాళ్లు, చీలమండలు

గాయాల గురించి తల్లిదండ్రులు మొదట అడుగుతారు. పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. ఫుట్‌బాల్ గాయాల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2023లో చేసిన ఒక పెద్ద సమీక్షలో మొత్తం గాయాలు టర్ఫ్ మీద కాస్త తక్కువే అని తేలింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2012 నుంచి 2016 వరకు సీజన్లు చూసిన అధ్యయనంలో కాళ్ల గాయాలు టర్ఫ్ మీద 16 శాతం ఎక్కువ కనిపించాయి. ఆటగాళ్ల సంఘాలు మాత్రం ఎక్కువ చోట్ల గడ్డే కావాలంటున్నాయి. జారుతూ ట్యాకిల్ చేస్తే టర్ఫ్ మీద చర్మం కమిలిపోతుందన్నది ఆడిన ఎవరినడిగినా చెబుతారు.

నా దృష్టిలో ఈ పోలికే మన దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. మన పిల్లలకు టర్ఫ్‌కు బదులు దొరుకుతున్నది గడ్డి కాదు. గులకరాళ్లు తేలిన మొరం. దానితో పోలిస్తే మంచి టర్ఫ్ వెయ్యి రెట్లు మేలు. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, దాన్ని తీర్చిదిద్దిన రహీం సాబ్‌ను తలుచుకుని "వాళ్లు గట్టి నేల మీద ఆడి గెలవలేదా" అనే పెద్దలు మా కమిటీలోనూ ఉన్నారు. ఆయనే కోచ్‌గా వెళ్లిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఘనత నాకూ గర్వమే. కానీ ఆ పేరు చెప్పి ఇవాళ్టి పదేళ్ల పిల్లను మొరం మీద డైవ్ చేయమనడం అన్యాయం.

రబ్బరు గింజలు, ఆ తర్వాత చెత్త

టర్ఫ్‌లో పోసే నల్ల గింజలు ఎక్కువగా పాత టైర్ల నుంచి వస్తాయి. బూట్లలో, సాక్సుల్లో, వాన నీళ్లలో అవి బయటికి పోతూనే ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం 2031 అక్టోబరు తర్వాత అక్కడ వాటి అమ్మకం ఆగిపోతుంది. ఇప్పుడు మనం వేయించే టర్ఫ్ మొదటి ఆయుష్షు తీరే నాటికి ఈ సరుకు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. బదులుగా కార్క్, కొబ్బరి పీచు పొడి వాడుతున్నారు. కోనసీమ ఉన్న మనకు కొబ్బరి పొట్టు కొత్త కాదు, రబ్బరు అంత వేడెక్కదు కూడా. అయితే దాన్ని తడిగా ఉంచాలి, కాలక్రమంలో చివికిపోతుంది. కార్క్ పెద్ద వానకు తేలిపోతుంది.

ఇక పాత కార్పెట్. ఇసుక, రబ్బరుతో కలిపి ఒక పూర్తి గ్రౌండ్ నుంచి దాదాపు 200 టన్నులు లేస్తుంది. దాన్ని ఎవరు తీసుకుపోతారని మా కొటేషన్ ఇచ్చిన వాళ్లను అడిగితే "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం సార్" అన్నారు. నా మనసు విరిగింది ఆ మాటకే.

టర్ఫే అనుకుంటే

స్థలం ఒకటే ఉండి, రోజుకు మూడు నాలుగొందల మంది పిల్లలు వచ్చే చోట, నీరు లేని చోట, లైట్లకు డబ్బు ఉండి ఏటా దాచగలిగిన చోట టర్ఫ్ వేయండి. సంకోచం అక్కర్లేదు. మీరు చేయాల్సింది సరుకుకు కాదు, పరిచిన గ్రౌండ్‌కు పరీక్ష చేయించడం. కార్పెట్ ల్యాబ్‌లో పాసైందన్న కాగితం చూపిస్తారు. మీకు కావాల్సింది మీ గ్రౌండ్ మీద చేసిన పరీక్ష. ఫిఫా వాళ్ల పరీక్షల్లో ఒకటి మీరే చేసుకోవచ్చు. బంతిని 2 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. పై స్థాయి "క్వాలిటీ ప్రో" గ్రౌండ్‌లో అది 60 నుంచి 85 సెంటీమీటర్లు లేవాలి, "క్వాలిటీ" స్థాయిలో మీటరు దాకా పర్వాలేదు. అంతకు మించి లేస్తే కింద మెత్తదనం లేదని అర్థం. ఇంగ్లండ్‌లో 1981లో క్వీన్స్ పార్క్ రేంజర్స్, తర్వాత లూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ వేసిన తొలి తరం టర్ఫ్‌ల మీద బంతి నెత్తి దాటి ఎగిరేదని పేరు. 1994లో ప్రెస్టన్ తీసేయడంతో అవి అంతరించాయి. పాతబడిన టర్ఫ్ మళ్లీ అక్కడికే చేరుతుంది, కాబట్టి ఏటా ఒకసారి బంతి వదిలి చూసి రాసిపెట్టుకోండి.

ఒప్పందంలో ఎండకు రంగు పోవడం, పోచలు రాలడం, అతుకులు ఊడటం, నీరు నిలవడం నాలుగూ వారంటీలోకి రావాలి. వారంటీ ఇచ్చేది పరిచే వాళ్లా, తయారుచేసే వాళ్లా అన్నది పేరుతో సహా రాయించండి.

మేం ఏం చేస్తున్నాం

గడ్డి ఉంచుతున్నాం. గ్రౌండ్ పక్కన వాహనాలు ఆపే ఖాళీ జాగాలో 40 బై 20 చిన్న టర్ఫ్, నాలుగు లైటు స్తంభాలు వేయిస్తున్నాం. ఆ 7 గంటలు దాని మీదికి పోతాయి. గోల్‌కీపర్ల ప్రాక్టీసు అసలు గ్రౌండ్ మీద పూర్తిగా బంద్. అది ఒక్కటి ఆపితేనే గోల్ ముందు గడ్డి సగం బతుకుతుంది. మిగతా గంటలు రాత్రిపూట అద్దెకు. ఆ డబ్బు మాలి జీతానికి, చిన్న టర్ఫ్ కార్పెట్ నిధికి.

అసలు గ్రౌండ్‌కు మే నుంచి కొత్త గరిక నిలదొక్కుకునేదాకా సెలవు. నేల దున్నించి, మధ్యలో కాస్త ఎత్తు, అంచులకు వాలు వచ్చేలా చదును చేయించి, ఇసుక కలిపిన మట్టి పోయిస్తున్నాం. జూన్‌లో తొలకరి పడగానే గరిక కణుపులు నాటాలి. నెలకు మొదటి కోత, మూడు నెలలకు ఆట. ఈలోగా తుంగ పీకాలి, లద్దెపురుగు మీద కన్నేసి ఉంచాలి. వానాకాలంలో వారానికి రెండు మూడు కోతలు తప్పవు. కోత మిషన్ పాతది దొరికింది, బ్లేడు సాన పట్టించాం. పిల్లల తల్లిదండ్రులను నాటే రోజు రమ్మన్నాం. వాళ్లలో పొలం పని తెలిసిన వాళ్లు మాకంటే ఎక్కువ మందే ఉన్నారు.